ఎలుగు వేటకు తూటా ఏదైనా ఒకటే అనడం తప్పు

సంపాదకులు గారికి నమస్కారం.

మన గోదావరి జిల్లాల నుంచి వెళ్ళి అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న కుర్రాడొకరు చేతి తుపాకీతో నల్ల ఎలుగుబంటిని కొట్టిన వైనం మీ ఆదివారం అనుబంధంలో చదివాను. రాసిన తీరు బాగుంది, ఫొటో కూడా పెద్దగా వేశారు. అయితే అందులో ఒక మాట అచ్చయింది. తుపాకీ పెద్దదైతే చాలు, తూటా ఏదైనా ఒకటే, గురి కుదిరితే ఎలుగు అక్కడికక్కడే పడిపోతుందని ఆ అబ్బాయి చెప్పినట్టు రాశారు. ఆ మాట తప్పు. తెలియక చదివినవాళ్ళు నిజమనుకునే ప్రమాదం ఉంది కాబట్టి, కొంచెం పొడుగైనా సరే, ఈ ఉత్తరం పూర్తిగా వేయాలని కోరుతున్నాను.

నేను సైన్యంలో ఆర్మరర్‌గా పనిచేసి రిటైరయ్యాను. పిస్టళ్ళు, రైఫిళ్ళు విప్పి బాగుచేయడం, రేంజ్‌కి తీసుకెళ్ళి సరిగా పేలుతున్నాయో లేదో చూడడం నా ఉద్యోగం. ఇప్పుడు పాలకొల్లు దగ్గర మా ఊళ్ళో కొబ్బరితోట చూసుకుంటున్నాను. మా మేనల్లుడు పెన్సిల్వేనియాలో స్థిరపడి అక్కడి పౌరసత్వం తీసుకున్నాడు. వాడి పక్కింట్లో ఉండే పెద్దాయన జింకల్నీ ఎలుగుల్నీ వేటాడుతూనే ముసలివాడైన మనిషి. నేను అక్కడికి వెళ్ళినప్పుడు వేట సీజన్ దగ్గరపడుతోంది. నా ఉద్యోగం సంగతి తెలిసి ఆయన తన సరంజామా అంతా వరండాలో పరిచి చూపించారు. మా ఇద్దరికీ భాష అంతంతమాత్రమే అయినా తూటాల దగ్గర మాత్రం మాటలకి లోటు రాలేదు. ఆయన దగ్గర చూసినదీ, నా వృత్తిలో తెలిసినదీ కలిపి ఇక్కడ చెబుతున్నాను.

వేట మంచిదా కాదా అన్న చర్చ నేను ఇక్కడ పెట్టదలచుకోలేదు. అక్కడి చట్టం లైసెన్సు ఇచ్చి ఒప్పుకుంది, మన చట్టం ఒప్పుకోదు. నేను పట్టుబడుతున్నది ఒక్కదాని గురించే. ప్రాణమున్న జంతువు మీద ట్రిగ్గర్ నొక్కేవాడు, అది క్షణాల్లో చచ్చిపోయేలా కొట్టగలనన్న నమ్మకం ఉంటేనే నొక్కాలి. ఆ నమ్మకంలో సగం చేతి గురి, మిగతా సగం తూటా. తూటా ఏదైనా ఒకటే అన్నవాడు ఆ సగాన్ని గాలికి వదిలేసినట్టే.

ఇది నాకెందుకింత పట్టింపో చెబుతాను. పై నుంచి వరదలకు కొట్టుకొచ్చి లంకల్లో చేరిన అడవి పందులు మా వైపు అరటి తోటల్ని, కందని తవ్వి పాడుచేస్తుంటాయి. ఒకసారి ఎవరో నాటు తుపాకీలో మేకులు, ఇనుప ముక్కలు కూరి రాత్రిపూట ఒక పందిని కొట్టారు. దెబ్బ తిన్న పంది పారిపోయింది. రెండు రోజుల తర్వాత కాలవ గట్టు పక్క అరటి పిలకల మధ్య చచ్చి కనిపించింది. అటవీశాఖ వాళ్ళతో వచ్చిన పశువుల డాక్టరు గారు కోస్తుంటే నేను పక్కనే ఉన్నాను. భుజం దగ్గర చర్మం కింద వేలెడు మందాన కొవ్వు, ఆ కొవ్వులోనే ఇనుప ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం పక్కటెముకల సందులోంచి లోపలికి పోయింది. అది కూడా ఊపిరితిత్తి అంచు దాకా వెళ్ళి ఆగింది. పుండు చీము పట్టి, నీళ్ళ కోసం కాలవ దాకా పాక్కుంటూ వచ్చి అక్కడ పోయింది. కొట్టినవాడి గురి తప్పలేదు, తగలవలసిన చోటే తగిలింది. లోపలికి దిగలేదు, అంతే.

ఎలుగు విషయంలో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అమెరికా నల్ల ఎలుగు చలికాలం నిద్రకు ముందు, అంటే సరిగ్గా వేట సీజన్లోనే, రాత్రీ పగలూ తిని ఒళ్ళు చేస్తుంది. ఆ రోజుల్లో రోజుకు 20,000 కేలరీల దాకా తింటుందని అక్కడి జీవశాస్త్రవేత్తలు చెబుతారు. మగది వంద కిలోలు దాటడం మామూలు, రెండు వందలు దాటినవీ ఉంటాయి. పైన ఒత్తయిన బొచ్చు, దాని కింద కొవ్వు, దాని కింద బలమైన భుజం కండ, భుజం ఎముక, అవన్నీ దాటాక గుండె, ఊపిరితిత్తులు. తూటాలోంచి వెళ్ళిన గుండు ఒక పక్కనుంచి దూరి లోపలే ఆగిపోతే, బయటి రంధ్రాన్ని కొవ్వే మూసేస్తుంది. కారిన కాస్త రక్తాన్నీ బొచ్చు పీల్చుకుంటుంది. నేల మీద చుక్క పడదు. దెబ్బ తిన్న ఎలుగు దట్టమైన పొదల్లోకి దూరితే, చీకటి పడ్డాక జాడ తీయడం ఎంతటి వేటగాడికైనా కష్టం, పైగా ప్రాణం మీదకి తెచ్చుకునే పని. అందుకే తెలిసినవాళ్ళు రెండు రంధ్రాలు పడాలంటారు. గుండు ఇటు దూరి అటు బయటికి రావాలి. తూటాని ఎంచుకోవడమంతా అక్కడినుంచే మొదలవుతుంది.

ఆ పెద్దాయన పాత న్యూస్‌పేపర్లు కట్టలు కట్టి, రాత్రంతా తొట్టిలో నానబెట్టి, పొద్దున్నే అట్టపెట్టెల్లో ఒకదాని వెనక ఒకటి పేర్చారు. వెనకాల మట్టికట్ట. దూరం పది గజాలుంటుంది. నేను విజిటర్ వీసా మీద వెళ్ళినవాణ్ణి కాబట్టి తుపాకీ ముట్టుకోలేదు, చెవులకి మఫ్ పెట్టుకుని వెనక నిలబడి చూశాను. ఈ వీసా సంగతి కింద మళ్ళీ చెబుతాను, అది చాలా ముఖ్యం.

మొదట .357 మ్యాగ్నం (మామూలు కంటే శక్తి ఎక్కువున్న తూటా) రివాల్వర్‌తో 125 గ్రెయిన్ల హాలో పాయింట్ పేల్చారు. గ్రెయిన్ అంటే గుండు బరువు కొలిచే చిన్న లెక్క. ముక్కు దగ్గర గుంట ఉండే గుండు అది. తడి కట్టలు విప్పి చూస్తే జానెడు లోతులో దొరికింది, మందారంలా రేకులు విప్పుకుని. రాగి తొడుగు నాలుగు వైపులా వెనక్కి మడిచి ఉంది, సీసం కొంత చిట్లి కాగితాల మధ్య పొడిలా పడింది. రెండోది అదే తుపాకీలో 158 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, అంటే రాగి తొడుగు ఉండి ముక్కు మాత్రం సీసంగా ఉండేది. అది ఇంకో అర జానెడు ముందుకి పోయింది, విచ్చుకోవడం తక్కువ. మూడోది .44 మ్యాగ్నంలో 240 గ్రెయిన్ల గట్టి సీసపు గుండు, ముక్కు బల్లపరుపుగా ఉండేది. కట్టలన్నీ చీల్చుకుని వెనక మట్టికట్టలోకి పోయింది. తవ్వి తీసి నా అరచేతిలో పెట్టారు. మెత్తటి సీసంలా నలగలేదు. బ్యారెల్ లోపలి గాళ్ళ గుర్తులు దాని ఒంటి మీద గీసినట్టు కనిపిస్తున్నాయి. ముక్కు అంచు ఒక పక్క మాత్రం కొంచెం అరిగింది. మామూలు సీసంలో తగరం, యాంటిమొనీ కలిపి పోస్తే వచ్చే గట్టిదనం అది.

తడి కాగితం ఎలుగు ఒళ్ళు కాదు, నిజమే. కానీ ఏ గుండు ఎక్కడ ఆగుతుందో పక్కపక్కన పెట్టి పోల్చుకోవడానికి అది చాలు. మొదటి గుండు చెడ్డదని కాదు. అది మనిషి నుంచి ఆత్మరక్షణ కోసం తయారైంది. 1986లో మయామీలో జరిగిన కాల్పుల తర్వాత ఎఫ్‌బీఐ వాళ్ళు జెలటిన్ దిమ్మల్లో తూటాలను పరీక్షించే పద్ధతి పెట్టి, గుండు కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 మించి పోనక్కర్లేదు అని లెక్క కట్టారు. జనం మధ్య పేలినప్పుడు ఒకడిలోంచి దూసుకుపోయి వెనకవాడికి తగలకూడదు కదా. తేలికపాటి హాలో పాయింట్లు ఆ లెక్కకు తయారయ్యేవి. ఎలుగు భుజం ఎముక మీద పడితే అలాంటిది పైపైనే విచ్చుకుని ఆగిపోవచ్చు. మన లంకలో పందికి జరిగింది అక్కడ ఎలుగుకి జరుగుతుంది.

ఇంకో రకం ఉంది, మేం సైన్యంలో వాడేది. గుండు అంతా రాగి తొడుగు, ముక్కు గుండ్రం. విచ్చుకోదు, సన్నటి రంధ్రం చేసుకుంటూ పోతుంది. జంతువు ఆ దెబ్బకి వెంటనే పడదు, ఎక్కడికో పోయి చస్తుంది. అందుకే అమెరికాలో చాలా రాష్ట్రాలు పెద్ద జంతువుల వేటలో దీన్ని ఒప్పుకోవు. మీ కథనంలోని అబ్బాయి రేంజ్‌లో ప్రాక్టీసుకి వాడే తూటాలే పట్టుకెళ్ళానని చెప్పారు. ప్రాక్టీసుకి చౌకగా దొరికేవి ఎక్కువగా ఈ రకమే. ఆయన ఎలుగు పడిందంటే ఆయన అదృష్టం. రేపు అది చదివి ఇంకొకరు అలాగే వెళ్తే, ఆ ఎలుగు గతేమిటి?

మరి ఏది వాడాలి? ఇందులో తుపాకీని బట్టి జవాబు మారుతుంది. .44 మ్యాగ్నం 1955లో వచ్చింది. చేతి తుపాకీతో పెద్ద జంతువుల వేట అనగానే అక్కడివాళ్ళకు మొదట గుర్తొచ్చేది అదే. 240 గ్రెయిన్ల గుండు, మన లెక్కలో పదిహేనున్నర గ్రాములు, 750 నుంచి 950 ఫుట్ పౌండ్ల (గుండు దెబ్బ శక్తిని కొలిచే లెక్క) శక్తితో బయటికొస్తుంది. అంత శక్తి, అంత బరువు ఉన్నప్పుడు మంచి సాఫ్ట్ పాయింట్ గాని, బరువైన హాలో పాయింట్ గాని, ఎలుగు పక్కకి తిరిగి నిలబడి ఉంటే బాగా పనిచేస్తాయి. భుజం ఎముక అడ్డొచ్చే అవకాశం ఉందనుకుంటే గట్టి సీసం నయం. .357 మ్యాగ్నం 1935 నాటిది, శక్తి 500 ఫుట్ పౌండ్లు దాటి కొంచెం. దాంతో నల్ల ఎలుగుని కొట్టినవాళ్ళు లేకపోలేదు. అయితే 158కి తగ్గకుండా, వీలైతే 180 గ్రెయిన్ల గట్టి గుండు వేసుకోవాలి, దగ్గర్లో ఉండాలి, ఎలుగు తిన్నగా పక్కకి నిలబడేదాకా ఓపిక పట్టాలి. 10 ఎంఎం ఆటో 1983లో వచ్చింది, ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చింది. దీనితో ఒక చిక్కు ఉంది. పెట్టె మీద 10 ఎంఎం అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు. చాలా కంపెనీలు మందు తగ్గించి మెత్తగా నింపి అమ్ముతాయి. పెట్టె వెనక వేగం ఎంత రాశారో చదివి కొనాలి. 9 ఎంఎం సంగతి అడిగితే, ఎలుగు వేటకి అది వద్దు. శక్తి 350 ఫుట్ పౌండ్ల దరిదాపుల్లోనే ఉంటుంది.

ఈ అంకెలన్నీ చూసి మ్యాగ్నం అంటే ఫిరంగి అనుకోకూడదు. జింకలు కొట్టే మామూలు .30-06 రైఫిల్ తూటా శక్తి 2,800 ఫుట్ పౌండ్లు. పెద్దదని పేరున్న .44 దానిలో మూడో వంతే. చేతి తుపాకీతో వేటకి వెళ్ళేవాడు ఆ తక్కువని దేనితో పూడ్చుకుంటాడు? దూరం తగ్గించుకుని, సరైన గుండు ఎంచుకుని, ఎలుగు నిలబడే తీరు కోసం కాచుకుని. ఆ పెద్దాయన తనకు తాను పెట్టుకున్న హద్దు ముప్పై గజాలు. భోజనం చేసే ప్లేటంత గుర్తు మీద, నిలబడి, చలికి వేళ్ళు బిగుసుకున్నప్పుడు కూడా ప్రతి రౌండూ పడే దూరమే నా దూరం అని ఆయన అన్నారు. ఎలుగు ఎదురుగా చూస్తుంటే పేల్చరు. తలకి అసలు గురిపెట్టరు. పుర్రె ఏటవాలుగా ఉంటుంది, మెదడు చిన్నది, అది తల కదపకుండా ఉండదు. పక్కకి తిరిగి, ఇటువైపు ముందుకాలు ముందుకి వేసినప్పుడు ఆ కాలి వెనక, ఒంటి ఎత్తులో మధ్యకి కాస్త దిగువన. లేదా మన నుంచి కొంచెం అటు మళ్ళి ఉంటే, అవతలి భుజానికి పోయేలా. బొచ్చు ఎక్కువ కాబట్టి ఎలుగు పొట్ట అంచు ఉన్నదానికంటే కిందికి కనిపిస్తుందని, అది చూసి గురి దించేవాళ్ళు గుండె కిందనుంచి కొడతారని కూడా చెప్పారు.

ఇక ఆర్మరర్‌గా నా మాటలు రెండు. ఏ తూటాతో వేటకి వెళ్తారో ఆ తూటాతోనే ముందుగా రేంజ్‌లో పేల్చి చూడాలి. చేతి తుపాకీలో బరువైన గుండు తేలికదానికంటే పైన తగులుతుంది. 125 గ్రెయిన్లతో సైట్లు సరిచేసుకుని 180తో అడవికి పోతే గుండు ఎక్కడ పడుతుందో పేల్చేవాడికే తెలియదు. రెండోది రివాల్వర్ ఉన్నవాళ్ళకి. తేలికపాటి రివాల్వర్లో బరువైన తూటాలు వేస్తే, ప్రతి పేలుడు అదురుకీ, మిగిలిన తూటాల్లో గుండ్లు ఇత్తడి గొట్టంలోంచి కొంచెం కొంచెం ముందుకి జారతాయి. చివరికి ఒకటి సిలిండర్ (తూటాలు పెట్టే, తిరిగే భాగం) దాటి బయటికి వస్తే సిలిండర్ తిరగదు, తుపాకీ బిగుసుకుపోతుంది. అందుకని ఐదు పేల్చి, ఆరోది తీసి, కాలిపర్‌తో దాని పొడవు పేల్చకముందున్న పొడవుతో పోల్చాలి. తేడా వస్తే ఆ తూటా ఆ తుపాకీకి పనికిరాదు. సెమీ ఆటోమేటిక్ పిస్టల్లో బల్లపరుపు ముక్కు గుండు ఛాంబర్‌లోకి ఎక్కేటప్పుడు తట్టుకోవచ్చు. ఒకటి రెండు పెట్టెలు పేల్చి, ఎక్కడా ఆగలేదంటేనే నమ్మాలి. కొన్ని పిస్టళ్ళ బ్యారెల్ లోపల గాళ్ళు గుండ్రంగా ఉంటాయి, వాటిలో తొడుగు లేని సీసం వాడొద్దని తయారీదారులే చెబుతారు. సీసం పేరుకుని బ్యారెల్‌లో ఒత్తిడి పెరుగుతుంది. ఎలుగు ఎదురుగా ఉన్నప్పుడు తెలుసుకోవలసిన సంగతులు కావివి.

రాష్ట్రాల నిబంధనలు కూడా ఒకటి కావు. పెన్సిల్వేనియాలో పెద్ద జంతువుల వేటకి సెమీ ఆటోమేటిక్ పిస్టల్ పనికిరాదు, పక్క రాష్ట్రాలకి పోతే నియమం వేరు. కొన్నిచోట్ల విచ్చుకునే గుండే ఉండాలంటారు. కొన్నిచోట్ల బోరు, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, ఇంతకు తగ్గకూడదని, బ్యారెల్ పొడవు ఇంతకు తగ్గకూడదని ఉంటుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి ఏ వేటకైనా సీసం గుండు నిషిద్ధం, రాగి లాంటి సీసం లేనివే వాడాలి. వదిలేసిన కళేబరాల్లోని సీసపు ముక్కలు తిని అక్కడి పెద్ద రాబందులు చనిపోతున్నాయన్నది దానికి కారణం. పెన్సిల్వేనియాలో వేటాడిన ఎలుగుని చెకింగ్ కేంద్రానికి తీసుకెళ్ళాలి. దాని చిన్న పన్ను ఒకటి పీకి, కోసి, చెట్టు మానులో లాగే అందులో ఉండే వలయాలు లెక్కపెట్టి వయసు తెలుసుకుంటారు. వచ్చే ఏడు ఎన్నిటిని కొట్టనివ్వాలో తేల్చడానికి ఆ లెక్కలూ పనికొస్తాయి. మీ కథనంలో ఇదంతా ఒక్క ముక్కా లేదు. చదివినవాళ్ళకి తుపాకీ, ఎలుగు, ఫొటో, ఇంతే వేట అనిపిస్తుంది.

ఇప్పుడు వీసా సంగతి. మా ఊళ్ళోనే ఇంటికొకరు అమెరికాలో ఉన్నారు. ఆ తల్లిదండ్రులు, ఆ పిల్లలు ఇది తప్పకుండా చదవాలి. అమెరికా కేంద్ర చట్టం ప్రకారం హెచ్-1బి, ఎఫ్-1, విజిటర్ లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ గాని, తూటాలు గాని దగ్గర ఉంచుకోవడమే నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి ఈ నిషేధం వర్తించదు. లైసెన్సు లేకుండా పట్టుబడితే 15 ఏళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఉద్యోగం, వీసా, చదువు అన్నీ దానితో పోతాయి. స్నేహితులతో సరదాగా రేంజ్‌కి వెళ్ళి, అద్దెకిచ్చిన పిస్టల్ పట్టుకుని ఫొటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టే పిల్లల్ని నేను చూశాను. మా మేనల్లుడే నన్ను ముందుగా హెచ్చరించాడు: "మావయ్యా, నువ్వు తుపాకుల్లో పుట్టి పెరిగినవాడివే గాని, ఇక్కడ మాత్రం చేయి పెట్టకు." వాడు చెప్పింది నూటికి నూరు పాళ్ళూ సరైన మాట. వేటకి వెళ్ళాలనుకునే పిల్లలు ముందు అక్కడి లాయరుని అడిగి, హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు పూర్తిచేసి, లైసెన్సు చేతికొచ్చాకే తుపాకీ ముట్టుకోవాలి.

మన దగ్గరి మాట కూడా చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి కథనాల ప్రభావం ఇక్కడే ఎక్కువ. 2022లో ప్రత్తిపాడు వైపు పులి తిరిగినప్పుడు, 2024 సెప్టెంబరులో దివాన్‌చెరువు దగ్గర చిరుత కనిపించి కడియం నర్సరీల దాకా జనం హడలిపోయినప్పుడు, మా ఊరి టీకొట్టు దగ్గర రొయ్యల చెరువుల ఆసామి ఒకాయన నడుము తడిమి చూపించి, "బాబాయ్, ఇది ఉండగా మనకేం టెన్షన్" అన్నాడు. ఆయన దగ్గరున్నది లైసెన్సు ఉన్న .32 రివాల్వర్. మన దేశంలో సామాన్యుడికి దొరికే చేతి తుపాకుల్లో ఎక్కువ భాగం అదే, 9 ఎంఎం లాంటి బోర్లు నిషిద్ధం. ఆ .32 తూటాలో గుండు 98 గ్రెయిన్లు, శక్తి వంద ఫుట్ పౌండ్లకు కాస్త అటూ ఇటూ. .44లో సుమారు ఎనిమిదో వంతు. చెరువు గట్టు మీద రాత్రిపూట డబ్బుతో వెళ్ళే మనిషికి అదొక ధైర్యం కావచ్చు. జంతువు మీద పేలిస్తే దానికి మంట పుట్టించి మన మీదకి తెచ్చుకోవడమే. ఈ మాట ఆయనకీ అప్పుడే చెప్పాను. నాయనా, దాన్ని బయటికి తీయకు, లోపలికెళ్ళి తలుపేసుకుని అటవీశాఖకి ఫోన్ చెయ్యి అన్నాను.

పంట కాపాడుకోవడానికి 12 బోర్ తుపాకీ లైసెన్సు ఉన్న రైతులు కొందరున్నారు. వాళ్ళ దగ్గర ఎల్జీ, ఎస్జీ తూటాలుంటాయి, అంటే లోపల పెద్ద సీసపు గుళ్ళు ఉండేవి. వాళ్ళకీ ఇదే మనవి. మన ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్‌లో ఉంది. చంపితే కనీసం మూడేళ్ళు, ఏడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. ప్రాణం మీదకి వచ్చినప్పుడు నిజాయితీగా ఆత్మరక్షణ కోసం చేసింది నేరం కాదని అదే చట్టం చెబుతుంది. అయితే అది వెతుక్కుంటూ వెళ్ళి కొట్టేవాడికి పనికిరాదు. పాపికొండల్లో ఎలుగులున్నాయి. శ్రీకాకుళం ఉద్దానంలో జీడితోటల మధ్య అవి మనుషులకి ఎదురవుతూనే ఉన్నాయి. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు వరసగా మనుషుల మీద పడి గాయపరిచిన సంగతి మీ పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన ఎలుగుకి మనిషిని వేటాడే ఉద్దేశం ఉండదు. తోటలో వంగి పనిచేసుకునేవాళ్ళు దానికి హఠాత్తుగా ఎదురైతే బెదిరిపోయి ముఖం మీద పడుతుంది. అప్పుడు నడుములోంచి రివాల్వర్ తీసే వ్యవధి ఎవరికీ దొరకదు.

అమెరికాలో ఎలుగులున్న అడవులకి నడిచి వెళ్ళేవాళ్ళు చాలామంది మిరప కారం స్ప్రే డబ్బా నడుముకి కట్టుకుంటారు. అలాస్కాలో అది వాడిన సంఘటనలన్నీ కూడేసి 2008లో ప్రచురించిన పరిశోధనలో, నల్ల ఎలుగుల విషయంలో నూటికి తొంభై సార్లు స్ప్రే వాటి ఆగడాన్ని ఆపింది. మిరపకాయ పుట్టిల్లు లాంటి రాష్ట్రం మనది. ఉద్దానం జీడితోటల్లో పనిచేసేవాళ్ళకి అలాంటి డబ్బాలు ఇప్పించే ఆలోచన చేస్తే ఖర్చు పెద్దదేం కాదు. మన ఎలుగు మీద అది ఎలా పనిచేస్తుందో అటవీశాఖ వాళ్ళు, వెటర్నరీ వాళ్ళు కలిసి చూడాలి. దీని గురించి మీ పత్రిక ఒక మంచి కథనం రాయించవచ్చు.

సంపాదకులు గారూ, నా విన్నపం ఇది. ఆ కథనానికి వివరణ ఒకటి, అదే ఆదివారం పేజీలో, ఫొటో వేసిన చోటే వేయండి. అందులో మూడు సంగతులు తప్పకుండా ఉండాలి. ఎలుగు వేటకి ప్రాక్టీసు తూటాలు పనికిరావని, లోతుగా దిగే సరైన గుండే వాడాలని. తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ళు వేట లైసెన్సు లేకుండా తుపాకీ ముట్టుకోకూడదని. మన దేశంలో ఎలుగుని వేటాడడం నేరమని. తూటాల రకాలు పాఠకులకి అర్థమయ్యేలా బొమ్మలు కావాలంటే నేను గీసి పంపుతాను. లోపల కోసి చూపించినట్టు, మందు ఎక్కడ, ప్రైమర్ ఎక్కడ, గుండు ముక్కు ఎలా ఉంటుందో గీయడం సర్వీసులో రోజూ చేసిన పనే. ఆఫీసు నుంచి ఎవరినైనా పంపితే కూర్చుని వివరంగా చెబుతాను కూడా.

ఇట్లు,
విశ్రాంత ఆర్మరర్,
పాలకొల్లు మండలం, పశ్చిమ గోదావరి జిల్లా